పామేడులో దీపం మీద వాలింది అట్లాస్ మాత్ కాదు, మరేంటి? పెద్ద పట్టు చిమ్మటలను గుర్తుపట్టడం ఎలా

పామేడులో ఆ రాత్రి కరెంటు ఉంది. సాయంత్రం వాన పడి వెలిసింది. కిరాణా కొట్టు ముందు వేలాడుతున్న ఎల్ఈడీ బల్బు చుట్టూ ఉసిళ్లు ముసురుకున్నాయి. వాటి మధ్యలోంచి అరచేతి కంటే పెద్ద పురుగు ఒకటి వచ్చి గోడకు కొట్టుకుంది. జారి కింద పడి, మళ్లీ ఎగిరి, చివరికి తలుపు చట్రం పక్కన రెక్కలు పరుచుకుని కూర్చుంది.

లేత పసుపు, గోధుమ రంగులు కలిసిన రెక్కలు. ఒక్కో రెక్క మీద ఒక గుండ్రటి కన్ను. మొత్తం నాలుగు కళ్లు.

కొట్టు దగ్గరున్న కుర్రాళ్లలో ఒకరు ఫోన్‌తో ఫొటో తీసి ఇంటర్నెట్‌లో వెతికారు. సిగ్నల్ వచ్చీ రాక, కాసేపటికి జవాబు వచ్చింది: 'అట్లాస్ మాత్, ప్రపంచంలోనే అతిపెద్ద సీతాకోక చిలుకల్లో ఒకటి'.

అందులో రెండు తప్పులున్నాయి. అది అట్లాస్ కాదు, అట్లాస్ సీతాకోక చిలుకా కాదు.

అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఒకరు ఫోన్ వైపు చూడనైనా లేదు. అది కాయ పురుగని, మద్ది చెట్ల మీద కాయ కడుతుందని కోయ, తెలుగు కలిపి చెప్పారు. ఆయన చెప్పిందే సరైంది. దాన్నే మనం దసలి పట్టుపురుగు అంటాం. శాస్త్రవేత్తలు యాంథీరియా మైలిట్టా అంటారు. టస్సర్ చీర దారం వచ్చేది దీని గూడు నుంచే.

పామేడు పేరు తెలుగు పాఠకులకు ఎక్కువగా ఎన్‌కౌంటర్ వార్తల్లోనే తెలుసు. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది. ఇటువైపు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని చర్ల మండలం. ఏళ్ల తరబడి ఇక్కడివాళ్లకు సంతైనా, ఆసుపత్రైనా చర్ల వైపే. పామేడు పేరుతో 1983లో ఏర్పాటైన అభయారణ్యం కూడా ఉంది. దాని విస్తీర్ణం సుమారు 262 చదరపు కిలోమీటర్లు. అడవి దున్నల కోసం దాన్ని ప్రకటించారు. ఆ అడవిలో మద్ది చెట్లూ ఉన్నాయి కాబట్టి దసలి పురుగూ ఉంది.

ఇంతకీ పురుగు పేరు తెలిస్తే ఏంటి, తెలియకపోతే ఏంటి? ఇక్కడ తేడా ఉంది. గోడ మీద వాలింది ఆడ పురుగు. దాని పొట్టలో దాదాపు 150 నుంచి 250 గుడ్లు ఉంటాయి. 'ఏదో విషపు పురుగు' అని చీపురుతో కొడితే పోయేది ఒక్క పురుగు కాదు.

అసలు మాత్ అంటే తెలుగులో ఏమనాలి?

పేరు దగ్గరే మన చిక్కు మొదలవుతుంది. సీతాకోక చిలుక అనే మాట అందరికీ తెలుసు. మాత్‌కు మాత్రం అందరూ ఒప్పుకున్న పేరు లేదు. నిఘంటువుల్లో 'చిమ్మట' ఉంది. వ్యవసాయ శాఖ కరపత్రాల్లో 'రెక్కల పురుగు', 'తల్లి పురుగు' అని రాస్తారు. పత్రికల్లో 'భారీ సీతాకోక చిలుక' అని వచ్చేస్తుంది. ఈ కథనంలో మాత్, చిమ్మట రెండూ వాడుతున్నాను.

సీతాకోక చిలుకకూ మాత్‌కూ తేడా చూడాలంటే తల మీది మీసాలు చూడాలి. పాఠ్యపుస్తకాలు వీటిని స్పర్శశృంగాలు అంటాయి. సీతాకోక చిలుక మీసం సన్నటి పుల్లలా ఉండి, చివర అగ్గిపుల్ల తలలా ఉబ్బి ఉంటుంది. మాత్ మీసానికి ఆ ఉబ్బు ఉండదు. కొన్నింటికి దారంలా, కొన్నింటికి ఈకలా, కొన్నింటికి దువ్వెనలా ఉంటుంది.

పెద్ద పట్టు చిమ్మటలన్నీ సాటర్నిడే అనే కుటుంబంలోవి. ప్రపంచవ్యాప్తంగా 2,000కు పైగా జాతులున్నాయి. దసలి, అట్లాస్, తోకలున్న ఆకుపచ్చ మూన్ మాత్, అస్సాంలోని మూగా, ఆముదం ఆకు తినే ఎరి... ఇవన్నీ ఈ కుటుంబమే.

మరి హిందూపురం మార్కెట్లో అమ్మే, ధర్మవరం చీరలకు వాడే పట్టు సంగతేంటి? అది మల్బరీ పట్టు. దాన్నిచ్చే బాంబిక్స్ మోరి వేరే కుటుంబానిది. తెల్లగా, చిన్నగా ఉంటుంది. వేల ఏళ్లుగా మనుషుల చేతుల్లో పెరిగి ఎగరడమే మర్చిపోయింది. 'పట్టుపురుగు' అనగానే మనకు గుర్తొచ్చే ఆ తెల్ల పురుగుకూ, అడవిలో తిరిగే దసలికీ పోలిక పట్టు ఒక్కటే.

సైజు చూసి మోసపోవద్దు

పెద్దగా ఉంది కాబట్టి పెద్ద పట్టు చిమ్మట అనుకోవడం అందరూ చేసే పొరపాటు. దక్షిణ అమెరికాలో వైట్ విచ్ అనే మాత్ ఉంది. రెక్కలు చాపితే సుమారు 28 సెంటీమీటర్లు దాటుతుంది. అట్లాస్ కంటే పొడవే. కానీ అది ఈ కుటుంబంలోది కాదు. మరోవైపు మన మామిడి, జీడిమామిడి చెట్ల మీద పెరిగే క్రిక్యులా అనే చిమ్మట ఈ కుటుంబంలోదే అయినా అరచేతిలో సగం కూడా ఉండదు. దాని గూడు బంగారు రంగు వల అల్లినట్టు ఉంటుంది. తోటలో కనిపిస్తే పిల్లలు ఏరుకుంటారు.

కాబట్టి ముందు చూడాల్సింది నోరు. అంటే, నోరు లేకపోవడం.

పెద్ద పట్టు చిమ్మటలకు పనిచేసే నోరు ఉండదు. గూడు నుంచి బయటికి వచ్చాక అవి ఏమీ తినవు, తాగవు. గొంగళి పురుగుగా ఉన్నప్పుడు తిన్న ఆకుల బలంతోనే వారం, పది రోజులు బతుకుతాయి. ఆ లోపు జత కట్టాలి, గుడ్లు పెట్టాలి. వేరే పని లేదు. మీ కళ్లముందు ఒక పెద్ద మాత్ గడియారం స్ప్రింగులా చుట్టుకున్న తొండాన్ని చాపి పండు మీదో, చెట్టు బంక మీదో పెట్టిందంటే అది ఈ కుటుంబం కాదని అప్పుడే తేల్చేయొచ్చు.

రెండోది మీసం. మగ చిమ్మటకు వెడల్పాటి ఈకలాంటి మీసాలుంటాయి. ఒక్కో కణుపు నుంచి రెండు కాదు, నాలుగు కొమ్మలు చీలతాయి. ఫెర్న్ ఆకును చిన్నది చేసి తలకు అతికించినట్టు ఉంటుంది. ఆడదాని మీసం కూడా దువ్వెనలాంటిదే కానీ బాగా సన్నం. ఈ తేడా ఉత్తినే రాలేదు. ఆడ పురుగు రాత్రిపూట ఒకచోట కూర్చుని వాసన వదులుతుంది. మగది ఆ వాసనను చాలా దూరం నుంచే పట్టుకుని రావాలి.

ఫ్రెంచ్ కీటక పరిశీలకుడు జాన్ హెన్రీ ఫాబ్ర తన ఇంట్లో దీన్ని చూశారు. ఒక ఉదయం గూడు చీల్చుకుని వచ్చిన ఆడ 'గ్రేట్ పీకాక్' చిమ్మటను ఆయన జాలి కింద ఉంచారు. ఆ రాత్రికే సుమారు 40 మగ చిమ్మటలు ఇంట్లోకి దూరాయి. అలాంటి వాసన పదార్థాన్ని మొదటిసారి వేరుచేసి గుర్తించింది మాత్రం 1959లో, మల్బరీ పట్టుపురుగు నుంచి. జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్ బృందం అందుకు లక్షల పురుగులను వాడాల్సి వచ్చింది.

రెక్కలో కిటికీ

మూడో గుర్తు నాకు బాగా నచ్చింది. పామేడులో నేను తేల్చుకున్నది కూడా దీనితోనే.

మాత్ రెక్క మీద రంగంతా సన్నటి పొలుసులది. ముట్టుకుంటే వేలికి అంటే పొడి అదే. చాలా చిమ్మటల రెక్కల మీద కన్నులాంటి మచ్చలుంటాయి. మామూలుగా అది పొలుసులతో వేసిన బొమ్మ మాత్రమే. కానీ దసలి పురుగు కన్ను మధ్యలో పొలుసులే ఉండవు. అక్కడ రెక్క పలచటి గాజులా ఉంటుంది. వెనక నుంచి టార్చి వేస్తే వెలుగు ఇటువైపు వస్తుంది.

ఆ రాత్రి తలుపు చట్రం మీద కూర్చున్న పురుగు రెక్క వెనక ఫోన్ లైటు పెట్టాం. గుండ్రంగా నాలుగు చుక్కల వెలుగు.

అట్లాస్‌కు కూడా ఇలాంటి కిటికీలుంటాయి. కానీ గుండ్రంగా ఉండవు. త్రికోణం ఆకారంలో, దసలి కన్ను కంటే బాగా పెద్దగా ఉంటాయి. పైగా అట్లాస్ ముందు రెక్క కొస వంపు తిరిగి, పక్క నుంచి చూస్తే పాము పడగలా కనిపిస్తుంది. అందులో చిన్న నల్లటి చుక్క, పాము కన్నులా. హాంకాంగ్ ప్రాంతంలో దీన్ని 'పాము తల చిమ్మట' అనే పిలుస్తారు. రంగు కూడా వేరు. ఇటుక ఎరుపు, తెల్లటి గీతలు, గులాబీ ఛాయ కలిసి ముదురుగా ఉంటుంది. రెక్కలు చాపితే 24 సెంటీమీటర్ల దాకా వెళ్తుంది. దసలి ఆడ పురుగు పెద్దదైనా 18 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది.

ప్రతి వానాకాలంలో ఎక్కడో ఒకచోట 'అట్లాస్ మాత్ ప్రత్యక్షం' అని వార్త వస్తుంది. వాటిలో కొన్ని నిజంగానే అట్లాస్. ఇంకొన్ని ఫొటోలు చూస్తే దసలి. వార్త రాసేవాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఫోన్ చెప్పిందే రాస్తున్నారు. ఆ ఫోన్ కూడా తను ఎక్కువసార్లు చూసిన బొమ్మ పేరే చెబుతుంది.

మరో చిన్న మెలిక ఉంది. అట్లాస్ అని మనం అనేది నిజానికి ఒకే జాతి కాదు. దక్షిణ భారతం, శ్రీలంకల్లో ఉండేదాన్ని ఇప్పుడు అట్టాకస్ టాప్రోబానిస్ అంటున్నారు. హిమాలయ పాదాల నుంచి ఈశాన్య రాష్ట్రాలు, ఆగ్నేయాసియా దాకా ఉండేది అట్టాకస్ అట్లాస్. ఒక ఫొటో చూసి ఈ రెండింటినీ వేరు చేయడం మనలాంటివాళ్ల పని కాదు. ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో రాసిపెట్టడం మాత్రం మన పనే.

మూన్ మాత్‌తో ఈ తంటా లేదు. లేత ఆకుపచ్చ రెక్కలు, తెల్లటి ఒళ్లు, ముందు రెక్క అంచున ముదురు ఎరుపు గీత, వెనక రెక్కల నుంచి రిబ్బన్లలా వేలాడే రెండు పొడవాటి తోకలు. మన అడవుల్లో ఇలాంటిది ఇంకోటి లేదు. శాస్త్రీయ నామం ఆక్టియాస్ సెలీన్. దీని గొంగళి పురుగు గుంపెన చెట్టు ఆకు తింటుంది కాబట్టి ఊళ్ల చుట్టూ కూడా కనిపిస్తుంది.

ఆ తోకలు అందం కోసం కాదు. ఈ కుటుంబం చిమ్మటలకు చెవులుండవు. గబ్బిలం వస్తున్న చప్పుడు వినపడదు. అమెరికాలోని లూనా మాత్‌పై 2015లో ప్రచురితమైన పరిశోధనలో, ఎగిరేటప్పుడు గిరగిరా తిరిగే తోకలు గబ్బిలం పంపే ధ్వనిని తమవైపు లాక్కుంటున్నాయని తేలింది. గబ్బిలం ఒంటిని వదిలేసి తోకను కొరుకుతుంది. తోక తెగిన మూన్ మాత్ మీకు కనిపిస్తే అది ఒక రాత్రి గండం గడిచి వచ్చిందని అనుకోవచ్చు.

దసలి అనుకుని పొరబడే పురుగులు

అట్లాస్ కాకుండా, దసలి అని పొరబడేవి ఇంకా ఉన్నాయి.

ఎక్కువగా అయోమయం పెట్టేది గుడ్లగూబ చిమ్మట. ఇది ఎరిబస్ అనే జాతి గుంపులోది. పగలు మెట్ల కింద, బావి గట్టు లోపల, పాత గోడౌన్లలో చీకటి మూలన వాలి ఉంటుంది. ముదురు గోధుమ రంగులో, అరచేయంత ఉంటుంది. రెక్క మీద పెద్ద కన్ను కూడా ఉంటుంది. కానీ గమనించండి, కన్ను ముందు రెక్కల మీదే ఉంటుంది, వెనక రెక్కల మీద ఉండదు. ఆ కన్నుకు కిటికీ లేదు. మీసాలు దారాల్లా సన్నగా ఉంటాయి. తొండం ఉంటుంది, మగ్గిన పండ్ల మీద వాలుతుంది. దసలికి నాలుగు కళ్లు, దీనికి రెండు. ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే చాలు.

నల్గొండ బత్తాయి రైతులకు తెలిసిన రెక్కల పురుగు ఇంకోటి ఉంది. పైరెక్కలు ఎండాకులా, వాటి కింద నారింజ రంగు రెక్కల మీద నల్లటి మచ్చలు. దీని పేరు యూడోసిమా. రాత్రి పండు తొక్కలోకి తొండం దింపి రసం పీలుస్తుంది. ఆ రంధ్రం చుట్టూ కుళ్లి పండు రాలిపోతుంది. రైతులు దీన్ని చంపాలనుకోవడంలో న్యాయం ఉంది. తోటలో దీపం పెట్టినప్పుడు దాంతోపాటు వచ్చే మూన్ మాత్‌కూ అదే శిక్ష పడటమే బాధ. నోరే లేనిది పండును ఏం చేస్తుంది?

నువ్వు చేలో పెద్ద కొమ్ము పురుగు కనిపిస్తుంది కదా, అది పెరిగితే హాక్ మాత్ అవుతుంది. వీపు మీద పుర్రెలాంటి గుర్తు ఉంటుంది. పట్టుకుంటే కీచుమంటుంది. దాన్ని చూసి అపశకునం అంటారు. దాని ఒళ్లు కొండెలా మొనదేరి, రెక్కలు సన్నగా పొడవుగా విమానం రెక్కల్లా ఉంటాయి. పట్టు చిమ్మట రెక్కలు వెడల్పు, ఒళ్లు పొట్టి, ఒంటి నిండా నూగు. రెంటినీ పక్కపక్కన చూసినవాళ్లు మళ్లీ పొరబడరు.

మునగ చెట్టు బోదె మీద గుంపుగా అతుక్కుని ఉండే వెంట్రుకల గొంగళి పురుగులు యూప్టెరోట్ అనే చిమ్మటవి. అవి తగిలితే దురద. పెద్దయ్యాక పసుపు, గోధుమ రంగులో, అలల్లాంటి గీతలతో ఉంటుంది. రంగు చూసి దసలి అనుకుంటారు. కానీ ఒక్క కన్నూ ఉండదు. అలాగే ఆముదం, దానిమ్మ, జామ మీద పెరిగే ట్రాబాలా అనే ఆకుపచ్చ చిమ్మటను చూసి మూన్ మాత్ అంటారు. దానికి తోక ఉండదు, సైజూ సగమే.

ఈ చివరి రెండింటి గొంగళి పురుగులను ముట్టుకోవద్దు. దసలి గొంగళి పురుగు అలా కాదు. ఆకుపచ్చగా బొద్దుగా ఉంటుంది. పక్కల మీద వెండి చుక్కలు మెరుస్తుంటాయి. చిన్న బుడిపెల మీద అక్కడక్కడ మాత్రమే వెంట్రుకలు. బెదిరితే తల ఎత్తి బిగుసుకుపోతుంది. ఏమీ చేయదు.

పురుగు కనిపించకపోయినా కాయ చెబుతుంది

అడవిలో తిరిగేవాళ్లు చిమ్మటను చూసేది తక్కువ. కాయనే చూస్తారు. దసలి కాయను ఒకసారి చేత్తో పట్టుకుంటే మర్చిపోలేరు. కోడిగుడ్డు ఆకారంలో, చెక్కలా గట్టిగా ఉంటుంది. పైన పట్టుతోనే చేసిన ఒక కాడ ఉంటుంది. ఆ కాడ చివర ఉంగరం. ఆ ఉంగరం కొమ్మ చుట్టూ బిగిసి ఉంటుంది. ఆకులన్నీ రాలిపోయినా కాయ మాత్రం పండులా వేలాడుతూనే ఉంటుంది. దాన్ని తెలుగులో 'కాయ' అనడంలో ఆశ్చర్యం లేదు. ఛత్తీస్‌గఢ్‌లో కోసా అంటారు.

మూన్ మాత్ గూడు ఆకుల మధ్య కాగితంలా పలచగా ఉంటుంది, కాడ ఉండదు. అట్లాస్ గూడు గోధుమ రంగులో, ఆకును చుట్టుకుని సంచిలా ఉంటుంది. వీటి నుంచి దసలిలా వరుసగా దారం తీయరు.

అంత గట్టి కాయలోంచి మెత్తటి పురుగు ఎలా వస్తుంది? నోరు లేకపోయినా అది ఒక ద్రవాన్ని వదులుతుంది. అందులోని కొకూనేజ్ అనే ఎంజైమ్ కాయ పైభాగంలో పట్టు పోగులను అంటించి ఉంచిన జిగురును కరిగిస్తుంది. పోగులు పక్కకు తప్పుకుంటాయి. పురుగు తోసుకుని బయటికి వచ్చి, తడి రెక్కలు ఆరేదాకా వేలాడుతుంది.

కాయ ఏరేవాళ్లకు అసలు లెక్క ఇక్కడే ఉంది. పురుగు బయటికి వెళ్లిన కాయకు పైన రంధ్రం ఉంటుంది. దాని నుంచి ఒకే పోగుగా దారం రాదు. చేత్తో లాగి, వడికి గీచా లాంటి ముతక దారం తీయాలి. రంధ్రం లేని కాయకే మంచి ధర. అందుకని లోపలి పురుగును వేడితో చంపి అమ్ముతారు. అంటే మంచి ధర పలికిన ప్రతి కాయా ఎగరని ఒక చిమ్మట. పురుగును చంపకుండా, అది వెళ్లిపోయాకే పట్టు తీసే పద్ధతిని తెలంగాణకు చెందిన కుసుమ రాజయ్య 'అహింసా పట్టు' పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. కానీ అడవి అంచున కాయ అమ్మి ఉప్పు, పప్పు కొనుక్కునే కుటుంబానికి ధర తక్కువ పలికే కాయను ఎంచుకోమని చెప్పడం తేలిక కాదు.

బస్తర్‌కు ప్రత్యేకం రైలీ

దసలి ఒకే జాతి అయినా చోటును బట్టి రకరకాలుగా మారింది. జార్ఖండ్‌లో డాబా, ఒడిశా సిమిలిపాల్‌లో మోడల్, బస్తర్‌లో రైలీ. తెలంగాణలోని గోదావరి పరీవాహక అడవులదాన్ని 'ఆంధ్రా లోకల్' అని పిలుస్తారు, రాష్ట్రం మారినా పేరు మారలేదు. మహదేవ్‌పూర్, చెన్నూరు ప్రాంతాల్లో దసలి సాగు ఈ రకంతోనే మొదలైంది.

రైలీ ముఖ్యంగా గుగ్గిలం చెట్ల అడవుల్లో పెరుగుతుంది. హిందీలో సాల్ అంటారు. దాని కాయ పెద్దది, బాగా గట్టిది, పట్టు ఎక్కువ. అయితే ఒక ఇబ్బంది ఉంది. డాబాను మద్ది తోటల్లో గొంగళి పురుగులను చెట్లకు ఎక్కించి, పిట్టల నుంచి కాపలా కాసి పెంచుకోవచ్చు. రైలీ అలా మనిషి చేతికి లొంగలేదు. దాన్ని అడవి నుంచి ఏరుకోవడమే. కాబట్టి అడవిలో ఎన్ని చిమ్మటలు మిగిలితే వచ్చే ఏడాది అన్ని కాయలు. ఆ లెక్క కుదరడం కోసం బస్తర్ అడవుల్లో పట్టు శాఖలు శిబిరాలు పెడుతున్నాయి. విత్తనపు కాయలను అక్కడే ఉంచి, చిమ్మటలు జత కట్టాక తల్లులను అడవి చెట్ల మీదకే వదులుతారు.

పామేడు వైపు అడవి టేకు, మద్ది కలిసిన మిశ్రమ అడవి. ఆ రాత్రి మేం చూసిన పురుగు దసలి అని చెప్పగలను. రైలీనా, గోదావరి ఇవతలి రకమా అని రెక్కలు చూసి చెప్పలేం. చిమ్మటకు రాష్ట్ర సరిహద్దు తెలియదు కదా.

దసలి గుడ్లు తయారుచేసే కేంద్రాల్లో, అంటే గ్రైనేజ్‌లలో, చిమ్మటను గుర్తుపట్టడం రోజువారీ పని. సన్న మీసం, లావు పొట్ట ఉంటే ఆడది. వెడల్పు మీసం, సన్నటి పొట్ట, ఇటుక రంగు ఉంటే మగది. జత కట్టించి, ఆడది గుడ్లు పెట్టాక దాని ఒంటిని నూరి మైక్రోస్కోప్ కింద చూస్తారు. పెబ్రిన్ అనే జబ్బు తల్లి నుంచి గుడ్లకు సోకుతుంది. తల్లిలో ఆ బీజాలు కనిపిస్తే గుడ్లన్నీ పారేస్తారు. ఇది 19వ శతాబ్దంలో ఫ్రాన్స్ పట్టు పరిశ్రమను కాపాడటానికి లూయీ పాశ్చర్ చెప్పిన పద్ధతే. రాంచీలో 1964 నుంచి పనిచేస్తున్న కేంద్ర టస్సర్ పరిశోధన, శిక్షణ సంస్థ ఇలాంటి పనులకే ఉంది.

చట్టం ఏమంటోంది?

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను నిర్వచిస్తూ 'మొక్కల నుంచి వచ్చేవి' అంటుంది. ఆ వెంటనే ఇచ్చిన జాబితాలో వెదురు, తేనె, మైనం, లక్క, తునికాకులతో పాటు టస్సర్‌ను, పట్టుగూళ్లను చేర్చింది. పురుగు కట్టిన గూడు మొక్క నుంచి ఎలా వచ్చిందని వాదించడం కంటే, ఆ జాబితా రాసినవాళ్లకు అడవి బతుకు తెలుసని అనుకోవడం మేలు. సంప్రదాయంగా ఏరుకునే గిరిజనులకు కాయల మీద హక్కు ఉంది. బయటి నుంచి వెళ్లిన మనలాంటివాళ్లు అభయారణ్యంలో పురుగునో, కాయనో జేబులో వేసుకు రావడం వేరే సంగతి. అనుమతి లేకుండా అది నేరం.

దీపం దగ్గర దొరికితే ఏం చేయాలి?

పురుగులు దీపానికి ఎందుకు వస్తాయన్న పాత ప్రశ్నకు 2024లో ఒక కొత్త జవాబు వచ్చింది. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు పాల్గొన్న అధ్యయనం ప్రకారం, ఎగిరే పురుగులు వీపును వెలుగు వైపు తిప్పుకుంటాయి. రాత్రి ఆకాశం నేల కంటే కాస్త వెలుగుగా ఉంటుంది కాబట్టి ఏది పైనో వాటికి అలా తెలుస్తుంది. మధ్యలో బల్బు వస్తే లెక్క తప్పుతుంది. బల్బునే ఆకాశం అనుకుని దాని చుట్టూ తిరుగుతూ చిక్కుకుపోతాయి.

తినని పురుగుకు వారం రోజులే ఆయుష్షు అయినప్పుడు, ఒక రాత్రంతా బల్బు చుట్టూ తిరగడం చిన్న నష్టం కాదు. తెల్లారేసరికి కాకులు, బల్లులు ఉంటాయి. కదల్లేక చిక్కుకున్న ఆడది చివరికి గోడకే గుడ్లు పెట్టేస్తుంది. గుడ్డు పొదిగాక పిల్ల పురుగుకు దగ్గర్లో ఆకు ఉండదు. ఈ ప్రాంతంలో ఇప్పుడు రోడ్లు, టవర్లు, కరెంటు వస్తున్నాయి. వద్దనేవాళ్లెవరూ నాకు కనిపించలేదు, నేనూ అనను. రాత్రి ఆరుబయట అవసరం లేని లైటును ఆపడం, తెల్లటి బల్బు బదులు పసుపు రంగుది పెట్టడం మాత్రం ఖర్చు లేని పనులు.

మీ ఇంటి దగ్గర ఇలాంటిది వాలితే కంగారు పడొద్దు. కుట్టదు, కరవదు, విషం లేదు. రెక్కలు పట్టుకుని ఎత్తితే పొలుసులు రాలతాయి. ముందు కాళ్ల దగ్గర ఒక పుల్ల పెడితే అదే ఎక్కుతుంది. ఫొటో తీస్తే నాలుగు రెక్కలూ, మీసాలూ కనపడేలా తీయండి. పక్కన అగ్గిపెట్టె లాంటిది పెడితే సైజు తెలుస్తుంది. ఊరు, తేదీ రాసి ఐనాచురలిస్ట్‌లోనో, మాత్స్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌కో పంపితే తెలిసినవాళ్లు సరిచూస్తారు. పామేడు లాంటి చోట్ల నుంచి అలాంటి ఫొటో ఒక్కటి వెళ్లినా అది పనికొచ్చే సమాచారమే.

ఆ రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు బల్బు ఆపేశారు. చట్రం మీది పురుగు కాసేపు అలాగే ఉంది. తర్వాత రెక్కలు వణికించడం మొదలుపెట్టింది. ఎగరడానికి ముందు ఒంటిని వేడెక్కించుకోవడానికి అవి అలా చేస్తాయి. అది ఎప్పుడు ఎగిరిందో చీకట్లో మాకు కనిపించలేదు. పొద్దున చూస్తే చట్రం పక్కన గోధుమ రంగు గుడ్లు పదో పన్నెండో అతుక్కుని ఉన్నాయి. పెద్దాయన వాటిని గోటితో జాగ్రత్తగా గీరి, ఆకులో చుట్టుకుని, ఊరి బయట మద్ది చెట్టు వైపు వెళ్లారు.